బాండ్ పోలికలన్నీ 1969 దగ్గరే ఎందుకు తడబడతాయి?

జేమ్స్ బాండ్ సినిమాల మీద సృజనాత్మక నిర్ణయాధికారం 2025 ఫిబ్రవరిలో చాలాకాలంగా వాటిని నిర్మిస్తున్న బార్బరా బ్రోకలీ, మైకేల్ విల్సన్‌ల నుంచి అమెజాన్ ఎంజీఎం స్టూడియో చేతికి వెళ్లింది. జూన్‌లో దర్శకుడిగా డెనీ విల్‌నవ్‌ను ప్రకటించారు. అప్పట్నుంచి కొత్త బాండ్ మాట ఎత్తితే చాలు, పాత తగువు మళ్లీ రాజుకుంటోంది. కానరీ గొప్పా, మూర్ గొప్పా, క్రెయిగ్ గొప్పా? ఈ వాదనల్లో ఒక పేరు మాత్రం అందరికీ ఆఖర్నే గుర్తొస్తుంది. జార్జ్ లాజెన్‌బీ. చేసింది ఒకే ఒక్క సినిమా. ఈ తగువు మూలం తెలియాలంటే ముందు ఆ సినిమా దగ్గరికే వెళ్లాలి.

షాన్ కానరీ ఐదు సినిమాలు చేసి విసిగిపోయి తప్పుకున్న సంగతి అందరికీ తెలిసిందే. ఆ చోటికి వచ్చిన లాజెన్‌బీ ఆస్ట్రేలియా మోడల్. చాక్లెట్ యాడ్‌తో జనానికి తెలిసిన మొహమే తప్ప, చెప్పుకోదగ్గ నటనానుభవం లేదు. దర్శకుడు పీటర్ హంట్ అంతకుముందు బాండ్ సినిమాలకు ఎడిటర్. దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. గ్యాడ్జెట్ల హడావుడి తగ్గించి, నవలకు వీలైనంత దగ్గరగా తీయాలని పట్టుబట్టాడు. అలా 1969లో వచ్చింది 142 నిమిషాల ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’. 2006 దాకా ఈ సిరీస్‌లో అంతకన్నా పొడవైన సినిమా రాలేదు.

దాని చివరి రెండు మూడు నిమిషాలు చూడనివాళ్లు ఈ చర్చలోకి దిగే ముందు ఒకసారి చూడాలి. బాండ్‌కు, ట్రేసీకి పెళ్లయింది. కారుకు కట్టిన పూలు తీసేద్దామని రోడ్డు పక్కన ఆపుతాడు. వెనక నుంచి ఇంకో కారు దూసుకొస్తుంది, తూటాలు పడతాయి. అది విలన్ బ్లోఫెల్డ్ పనే అని అరుస్తూ బాండ్ కారెక్కి చూస్తే, పక్క సీట్లో ట్రేసీ (డయానా రిగ్) ప్రాణం పోయి ఉంటుంది. బండి మీద వెళ్తున్న పోలీసు ఆగితే, ఏం ఫర్వాలేదు, తను కాస్త విశ్రాంతి తీసుకుంటోంది అంటాడు. ఆఖరి షాట్ అద్దం మీద తూటా చేసిన చిల్లు. మొదటి టేక్‌లో తనకు నిజంగానే కన్నీళ్లొచ్చాయని, బాండ్ ఏడవడంటూ హంట్ మళ్లీ తీయించాడని లాజెన్‌బీ తర్వాత చెప్పుకున్నాడు.

కానరీ అభిమానుల వాదన తెలిసిందే. లాజెన్‌బీ నటుడు కాదు, మారువేషంలో ఉన్న సీన్లలో గొంతు కూడా మరో నటుడు జార్జ్ బేకర్‌ది, వసూళ్లు ముందు సినిమా కంటే తగ్గాయి అంటారు. మూడూ నిజమే. కానీ దాన్నిబట్టి ‘ఫ్లాప్ అయింది, తీసేశారు’ అనడం మాత్రం తప్పు. సినిమా లాభాల్లోనే ఉంది. లాజెన్‌బీకి కొత్త నటుడిగా గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది. ఇంకా సినిమాలు చేయమని ఒప్పందం ముందు పెడితే వద్దన్నది అతనే. హిప్పీల కాలం వచ్చింది, సూటు వేసుకున్న గూఢచారి రోజులు అయిపోయాయి అని పక్కనున్న సలహాదారు చెప్పిన మాట నమ్మాడు. ప్రీమియర్‌కు గడ్డం, పొడుగు జుట్టుతో వచ్చాడు. ఆ నిర్ణయం పొరపాటని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

నా లెక్కలో అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 1971లో ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ కోసం కానరీని 12.5 లక్షల డాలర్లిచ్చి వెనక్కి తెచ్చారు. అప్పటికి అది రికార్డు పారితోషికం. సినిమా మొదట్లో బాండ్ బ్లోఫెల్డ్‌ను వెంటాడతాడు, కానీ చనిపోయిన భార్య పేరు ఒక్కసారి కూడా ఎత్తడు. వెంటనే లాస్ వెగాస్, చంద్రుడి మీద నడిపే బండి, జోకులు. ప్రేక్షకులకు బాండ్ కావాలి, బాండ్ బాధ అక్కర్లేదు అని నిర్మాతలు తేల్చేసుకున్నట్టే అనిపిస్తుంది. రోజర్ మూర్ ఏడు సినిమాలు చాలావరకు ఆ దారిలోనే నడిచాయి. మొహం మారితే బాండ్ మారతాడన్న నమ్మకం కూడా అప్పుడే గట్టిపడింది. నటుడి చుట్టూ ఏ కథ అల్లారన్నది ఎవరూ అడగలేదు.

అయినా ట్రేసీ పోలేదు. 1981లో ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ మొదలయ్యేదే ఆమె సమాధి దగ్గర. 1989లో ‘లైసెన్స్ టు కిల్’లో టిమతీ డాల్టన్ మొహం మీద ఒక్క క్షణం ఆ పెళ్లి జ్ఞాపకం కదులుతుంది. డాల్టన్ కూడా సీరియస్ బాండే, అతనికీ రెండు సినిమాలే దక్కాయి. కోర్టు గొడవలతో ఆరేళ్లు సిరీస్ ఆగిపోయింది. జనం మాత్రం ఆ లెక్క కూడా నటుడి ఖాతాలోనే రాశారు.

2006కి రండి. జుట్టు రంగు చూసే డేనియల్ క్రెయిగ్‌ను వద్దన్నారు, బాయ్‌కాట్ అన్నారు. ‘క్యాసినో రాయల్’లో బాండ్ ప్రేమిస్తాడు, ఉద్యోగం వదిలేస్తాడు, ఆమెను పోగొట్టుకుంటాడు. 1969లో వేసిన దారే అది. ఇంకో సంగతి, ఈ సినిమా తీసిన మార్టిన్ క్యాంప్‌బెలే 1995లో ‘గోల్డెన్‌ఐ’తో పియర్స్ బ్రాస్నన్‌ను బాండ్‌గా నిలబెట్టాడు. ఒకరితో ఒకరికి పోలికలేని ఇద్దరు బాండ్‌లకు తొలి సినిమా ఒకే దర్శకుడిది. కాబట్టి విల్‌నవ్ ఎలాంటి బాండ్‌ను తీయబోతున్నాడన్నదే ఇప్పుడు పెద్ద ప్రశ్న. మొహం ఎవరిదన్నది ఆ తర్వాత సంగతి.

2021లో ‘నో టైమ్ టు డై’ ఆ 1969 సినిమాకున్న బాకీని బాహాటంగానే తీర్చింది. 1969లో ట్రేసీ కోసం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట పాడేనాటికి ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఉంది. మరో రెండేళ్లకే కన్నుమూశాడు. 52 ఏళ్ల తర్వాత, క్రెయిగ్ బాండ్ చనిపోయాక, థియేటర్లలో ఎండ్ టైటిల్స్ మీద మోగింది ఆ పాటే. క్రెయిగ్‌కు వీడ్కోలు చెప్తూ జనం విన్నది లాజెన్‌బీ సినిమా పాట.