మూడో మందిరం, ఎర్ర పెయ్య, పెద్దాయన పొలం: కొన్ని అపోహలు, వాస్తవాలు

వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "వందనాలు అయ్యగారూ, యెరూషలేములో మందిరం పని మొదలైందంట కదా?" ఆ వెనకే ఒక వాట్సాప్ వీడియో. కూలిపోయిన రెండు యూదుల మందిరాల తర్వాత మూడోది లేస్తే యేసు రాకడ దగ్గరపడినట్టేనని వాళ్ల లెక్క. 2022 సెప్టెంబరులో టెక్సాస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యల్ని (మందిర సేవకు ముందు శుద్ధి చేసే బూడిద ఇలాంటి పెయ్య నుంచే రావాలి) విమానంలో ఇజ్రాయెల్‌కి తెచ్చినప్పటి నుంచి ఈ ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి. పాత నిబంధన పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి జవాబు నా దగ్గర ఉంటుందని వాళ్ల నమ్మకం.

పోయిన ఏడాది ఒక పెద్దాయన వచ్చారు. ఉన్న ఎకరం పొలం అమ్మేస్తారట. రాకడ గుమ్మం దగ్గరికొచ్చాక పొలం ఎవరికి అంటారు. మనవరాలి నర్సింగ్ ఫీజు కట్టడం కూడా ఆపేశారు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ వీడియోలు చేసేవాళ్ల మీద వచ్చింది.

అపోహ: బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 40 నుంచి 48 అధ్యాయాల వరకు ఉన్న కొత్త మందిరపు దర్శనం రాబోయే రోజుల టైంటేబుల్. మందిరం గోడ లేచిందంటే లెక్క మొదలైనట్టే.

వాస్తవం: తేదీలే కావాలంటే 40వ అధ్యాయం మొదటి వచనంలోనే ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఎవరూ చదవరు. బబులోను చెరలోకి వచ్చిన 25వ సంవత్సరం, యెరూషలేము పట్టణం పడిపోయిన 14వ సంవత్సరం. అంటే క్రీ.పూ. 573. యెహెజ్కేలు యాజకుడు. క్రీ.పూ. 597లో యెహోయాకీను రాజుతో పాటు బబులోనుకు తరలించిన వాళ్లలో ఒకడు. మందిరంలో సేవ చేయాల్సిన మనిషి కెబారు నది ఒడ్డున వలస బతుకు బతుకుతున్నాడు. క్రీ.పూ. 586లో ఆ మందిరమూ కాలిపోయింది. దేవుడు మనల్ని వదిలేశాడు, ఇక మన పని అయిపోయింది అనుకుంటున్న జనానికి వచ్చిన దర్శనం ఇది. 10, 11 అధ్యాయాల్లో మందిరాన్ని విడిచి తూర్పుగా వెళ్లిపోయిన దేవుని మహిమ, 43లో ఆ తూర్పు నుంచే తిరిగొస్తుంది. మొత్తం తొమ్మిది అధ్యాయాలకూ గుండెకాయ ఇదే. మనవాళ్లు దీన్ని దాటేసి కొలకర్ర పట్టుకుని మూరలు లెక్కపెడుతుంటారు.

ఇంకో సంగతి. నిర్గమకాండంలో నాకు పరిశుద్ధ స్థలం కట్టండి అన్న ఆజ్ఞ సూటిగా ఉంది. ఇక్కడ ప్రవక్తకు చెప్పింది చూడు, విను, జనానికి తెలియజెయ్యి అని. ఎందుకు? వాళ్లు తమ దోషాలకు సిగ్గుపడాలని (43:10). చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు మందిరం కట్టారు, క్రీ.పూ. 515 నాటికి పూర్తి చేశారు కూడా. యెహెజ్కేలు కొలతలతో మాత్రం కట్టలేదు. ఇక ఎర్ర పెయ్య అంటారా, అది సంఖ్యాకాండం 19. ఈ తొమ్మిది అధ్యాయాల్లో భూతద్దం పెట్టి వెతికినా కనబడదు.

క్రీస్తు తిరిగొచ్చాక భూమి మీద చేసే వెయ్యేళ్ల పాలనలో ఈ మందిరం అక్షరాలా లేస్తుందనే సంఘాలున్నాయి. ప్రకటన 21లో పరిశుద్ధ పట్టణంలో మందిరమే లేదు కదా, ఇదంతా క్రీస్తులో నెరవేరిందనే సంఘాలూ ఉన్నాయి. నేను రెండో వైపు మొగ్గుతాను. రెండు వైపులా బాగా చదువుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఎవరూ పొలం అమ్మమనలేదు.

పెద్దాయనకు నేను యిర్మీయా 32 తీసి చదివి వినిపించాను. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ముట్టడి దిబ్బలు వేసింది. యిర్మీయా కావలిలో ఉన్నాడు. పట్టణం పడిపోతుందని చెప్పినవాడే తను. అలాంటి వేళ పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొనుక్కో అంటాడు. ఇలాంటి బేరం ఎవరైనా ఒప్పుకుంటారా? ఈయన 17 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. దస్తావేజు రెండు ప్రతులు, ఒకటి ముద్ర వేసింది, ఒకటి తెరిచి ఉంచింది. రెండూ మట్టి కుండలో పెట్టించాడు, చాలా కాలం నిలవాలని.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సాక్షుల చేత సంతకాలు పెట్టించాడా?" అని అడిగారు. పెట్టించాడు, 12వ వచనం చూడండి అన్నాను. పొలం అమ్మలేదు. ఈసారి మినుము వేశారు.

మిగతావి గబగబా.

యెరూషలేములో తూర్పు గుమ్మం మూసి ఉంది కాబట్టి, ఆ గుమ్మం మూసే ఉండాలన్న యెహెజ్కేలు 44:2 నెరవేరిందంటారు. ఇప్పుడు ఫొటోల్లో కనబడేది కోట గోడ గుమ్మం, దాన్ని మూసింది 16వ శతాబ్దంలో ఒట్టోమన్ల కాలంలో. యెహెజ్కేలు చూసింది మందిరపు గుమ్మం. యెహోవా అందులోంచి లోపలికి వచ్చాడు కాబట్టి మూశారు.

పరాయివాళ్లకు ఆ దేశంలో చోటు లేదనేది ఇంకోటి. మందిరంలోకి రావడం గురించి 44:9 కఠినంగానే ఉంది, కాదనను. భూమి విషయంలో మాత్రం 47:22, 23 చదవండి. మీ మధ్య ఉండి పిల్లల్ని కన్న పరదేశులకూ గోత్రాలతో పాటు వాటా ఇవ్వాలి. అధిపతి జనం భూమి లాక్కోకూడదని 46:18లో ఉంది. దీని మీద వీడియోలు రావు.

బలుల లెక్క మోషే ధర్మశాస్త్రంతో అచ్చంగా సరిపోతుందని కూడా అంటారు. సరిపోదు. అమావాస్యకు సంఖ్యాకాండంలో రెండు కోడెలు, ఏడు గొర్రెపిల్లలు. యెహెజ్కేలులో ఒక కోడె, ఆరు గొర్రెపిల్లలు. ఈ తేడాలు పొసిగించడానికి హనన్యా అనే రబ్బీ మేడగదిలో కూర్చుని 300 కుండల నూనె దీపానికి ఖర్చు చేశాడని యూదు రబ్బీల బోధల గ్రంథం తల్ముదు చెబుతుంది.

చివరిది 47వ అధ్యాయంలో మందిరం నుంచి పారే నది. అది చేరాక ఉప్పు సముద్రం (మృత సముద్రం) బాగై ఏన్గెదీ దగ్గర వలలు ఆరేస్తారు, బురద గుంటలు మాత్రం బాగుకాక ఉప్పు గుంటలుగా మిగులుతాయి. ఆ గుంటలు మారని పాపుల గుండెలని చాలా ఏళ్లు నేనూ ప్రసంగించాను. ఒకసారి సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో ఆ మాటే చెబుతుంటే, ఎండు చేపలు అమ్మే ఒక ముసలమ్మ మధ్యలో అందుకుంది. "అదేంటి అయ్యగారూ, అన్ని చేపలు పడ్డాక ఉప్పు వద్దా ఏంటి?"