బ్రెయిన్ డెడ్ అన్నాక చెయ్యెందుకు కదిలింది?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ ఐసీయూ ముందైనా వినపడే మాటే ఇది: "బ్రెయిన్ డెడ్ అంటున్నారు, మరి ఇందాక వేళ్లు కదిలాయండీ, మా తమ్ముడు కళ్లారా చూశాడు." తమ్ముడు చూసింది అబద్ధం కాదు. వేళ్లు నిజంగానే కదులుతాయి. కాలి వేళ్లు ముడుచుకుంటాయి, పాదాన్ని గీరితే మోకాలు పైకి లేస్తుంది, అరుదుగా రెండు చేతులూ లేచి గుండెల మీదికి వస్తాయి. డాక్టరు వచ్చి "అది రిఫ్లెక్స్ అండీ, ఏం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. రిఫ్లెక్స్ అంటే మన ప్రమేయం లేకుండా ఒళ్లు తనంతట తానే స్పందించడం. పేషెంటు తాలూకు వాళ్లకి అది తప్పించుకునే మాటలా వినపడుతుంది. కిడ్నీల కోసం బతికున్న మనిషిని చంపేస్తున్నారన్న పుకారు పుట్టేది అక్కడే. నిజానికి ఆ ఒక్క ముక్కను తేల్చుకోవడానికి వైద్యులకే చాలా ఏళ్లు పట్టింది.

వెంటిలేటర్ రాకముందు ఈ ప్రశ్నే లేదు. మెదడు పోతే ఊపిరి ఆగేది, వెనకే గుండె ఆగేది. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, రోగుల గొంతులో గొట్టం వేసి సంచీతో గాలి పంపించే ఏర్పాటు చేశాడు. వైద్య విద్యార్థులు వంతులేసుకుని రాత్రింబవళ్లు ఆ సంచీలు నొక్కారు. నేటి ఐసీయూకి అదే మొదలు. దాంతోపాటే అంతకుముందు ఎవరూ చూడని రోగులు వచ్చారు: గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, లోపల మెదడు మాత్రం లేదు. 1959లో పారిస్‌లో మొలారే, గులాన్ అనే ఇద్దరు వైద్యులు అలాంటి 23 మంది గురించి రాస్తూ, ఇది కోమాను కూడా దాటిపోయిన స్థితి అన్నారు.

1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ఒకరి గుండె తీసి ఇంకొకరికి మార్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1968 ఫిబ్రవరిలో, బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో పి.కె. సేన్ అదే ప్రయత్నం చేశారు. రోగి కొన్ని గంటలే బతికాడు. ఆ ఏడాది ఆగస్టులో హెన్రీ బీచర్ అధ్యక్షతన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ కమిటీ మెదడు మరణానికి లక్షణాలు ప్రకటించింది. ఊపిరి ఉండకూడదు, కదలిక ఉండకూడదు, రిఫ్లెక్సులు ఉండకూడదు. మోకాలి దగ్గర సుత్తితో తట్టినా మామూలుగా స్పందన రాదని కూడా రాసింది. అంటే 1968 లెక్క ప్రకారం చూస్తే ఐసీయూ ముందు తమ్ముడి అనుమానం సబబైనదే!

ఆ లెక్క ఎక్కువ కాలం నిలవలేదు. 1971లో మిన్నెసోటాకి చెందిన మోహన్‌దాస్, చౌ అనే న్యూరోసర్జన్లు, చూడాల్సింది మెదడు కాండాన్ని (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే, ఊపిరిని నడిపే భాగాన్ని), వెన్నుపాము రిఫ్లెక్సులు ఉన్నా లేకపోయినా నిర్ధారణ మారదన్నారు. 1976లో బ్రిటన్ వైద్యుల రాయల్ కాలేజీలు అదే మాటను అధికారికంగా రాశాయి.

ఇది వైద్యులు తమకు అనుకూలంగా నియమాన్ని సడలించుకోవడం కాదు. తల తీసేసిన కప్ప కాలిని గిల్లితే వెనక్కి లాక్కుంటుందనీ, వెన్నుపామును కూడా పాడుచేస్తే ఆ కదలిక ఆగిపోతుందనీ స్కాట్లాండ్ వైద్యుడు రాబర్ట్ విట్ 18వ శతాబ్దంలోనే చూపించాడు. 1830లలో మార్షల్ హాల్ దాన్ని రిఫ్లెక్స్ సిద్ధాంతంగా నిలబెట్టాడు. చర్మం నుంచి వచ్చిన కబురు వెన్నుపాములోకి వెళ్లి, మెదడు దాకా పోకుండా అక్కడి నుంచే కండరానికి తిరిగి వస్తుంది. మామూలు రోజుల్లో మెదడు ఈ దారుల మీద అదుపు ఉంచుతుంది. మెదడు పోతే ఆ అదుపూ పోతుంది. అందుకే మొదట్లో కొన్ని గంటలు కదలకుండా పడి ఉన్న కాలు, వెన్నుపాము ఆ దెబ్బ నుంచి తేరుకున్నాక కదలడం మొదలుపెడుతుంది. ఇంటివాళ్లకి ఇది కోలుకుంటున్నట్టే కనిపిస్తుంది. నిన్న లేని కదలిక ఇవాళ వచ్చిందంటే ఎవరైనా ఏమనుకుంటారు?

మెదడు చచ్చి వెన్నుపాము ఎలా బతుకుతుంది? మంగళగిరి దగ్గర హైవే మీద బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాణ్ణి తీసుకోండి. పుర్రె పెట్టెలాంటిది, లోపల వాపుకి చోటు లేదు. ఒత్తిడి పెరిగి పెరిగి రక్తపోటును మించిపోతే ఇక రక్తం పైకి ఎక్కదు. వెన్నుపాముకి మాత్రం బృహద్ధమని శాఖల నుంచి వేరే రక్తనాళాలు వస్తాయి. గుండె నడిచినన్నాళ్లూ వాటిలో రక్తం పారుతూనే ఉంటుంది.

కదలికల్లో అందరినీ బెదరగొట్టేది 1984లో అలన్ రాపర్ అనే న్యూరాలజిస్టు ఐదుగురు రోగుల్లో చూసి రాసినది. వెంటిలేటర్ తీశాక, లేదా ఊపిరి పరీక్ష చేస్తుండగా, చేతులు మోచేతుల దగ్గర ముడుచుకుని ఛాతీ మీదికి లేస్తాయి. దీనికి బైబిల్లోని లాజరు పేరు పెట్టారు. గుంటూరు జిల్లాలో ప్రార్థనకు వెళ్లే ఏ ఇంట్లోనైనా లాజరంటే లేచి బతికినవాడు. డాక్టర్లు వార్డులో ఆ పేరు ఎత్తకపోవడమే మేలు. 2000లో అర్జెంటీనాలో సపోస్నిక్ బృందం 38 మందిని పరీక్షిస్తే 15 మందిలో ఏదో ఒక కదలిక కనిపించింది. నూటికి దాదాపు నలభై. ఇంత మామూలు విషయాన్ని ఇంటివాళ్లు చూశాక చెప్పడమేమిటి, చూడకముందే చెప్పాలి.

అయితే ప్రతి కదలికనీ వెన్నుపాము ఖాతాలో వేసేయడానికి వీల్లేదు. కనుబొమ ఎముక మీద గట్టిగా నొక్కితే ముఖం చిట్లించినా, చేతులు బిగుసుకుని మెలితిరిగినా మెదడు కాండం ఇంకా పనిచేస్తున్నట్టే. బ్రెయిన్ డెడ్ అనకూడదు. కంటిపాప వెలుతురుకి మారుతుందా, చెవిలో చల్లటి నీళ్లు పోస్తే కనుగుడ్లు పక్కకి కదులుతాయా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తుందా, వెంటిలేటర్ ఆపి కార్బన్ డయాక్సైడ్ పెరగనిస్తే ఛాతీ ఊపిరి కోసం లేస్తుందా అన్నవే అసలు పరీక్షలు.

మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం వీటికి చట్టబద్ధత ఇచ్చింది. నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. ఆ ఏడాది ఆగస్టు 3న మన రాజమండ్రిలో పుట్టిన పి. వేణుగోపాల్ ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. 1995లో ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం చేసుకుంది. రాష్ట్రం విడిపోయాక ఇక్కడ అవయవదాన పథకం జీవన్‌దాన్ వేరుగా నడుస్తోంది. 2016లో గుంటూరు పెద్దాసుపత్రిలోనే డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్చింది.

ఇంత జరిగినా చట్టంలో ఒక చిక్కు మిగిలింది. మెదడు కాండం మరణాన్ని గుర్తించింది అవయవ మార్పిడి చట్టం. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాని ప్రకారం జీవం ఉన్న ఆనవాళ్లన్నీ శాశ్వతంగా పోవడమే మరణం. గుండె కొట్టుకుంటూ, వేలు కదులుతున్న దేహం ఈ నిర్వచనంలో ఇమడదు. అందుకే దానానికి ఒప్పుకున్న కుటుంబానికి కాగితాలు చకచకా కదులుతాయి. వద్దన్న కుటుంబం దగ్గర వెంటిలేటర్ తీయడానికి డాక్టరు వెనకాడతాడు, బిల్లు పెరుగుతుంది, మంచం పక్కన కూర్చున్నవాళ్లకి ఆ కదలికలు కనపడుతూనే ఉంటాయి. కేరళ ఈ ముడి విప్పడానికి 2020లో, దానంతో సంబంధం లేకుండా బ్రెయిన్ డెత్ నిర్ధారించేందుకు మార్గదర్శకాలు ఇచ్చింది.