అపోహలు - వాస్తవాలు: సెల్‌లో కరెంటు నిల్వ ఉండదండీ

ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసే పరికరం) ల్యాబ్‌లో నా పని. కాలేజీ పిల్లలైనా, చుట్టాలైనా అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: సెల్ నిండా కరెంటు ఉంటుంది, వాడేకొద్దీ అయిపోతుంది.

లోపల ఉండేవి రసాయనాలే. టార్చి సెల్‌లో జింకు ఎలక్ట్రాన్లను వదిలేస్తుంది, మాంగనీస్ డయాక్సైడ్ పుచ్చుకుంటుంది. రెండింటికీ మధ్య ఉన్న ఎలక్ట్రోలైట్ అనే రసాయన ముద్ద అయాన్లనే (చార్జి ఉన్న పరమాణువులనే) పోనిస్తుంది కాబట్టి ఎలక్ట్రాన్లు తీగలోంచి, బల్బులోంచి చుట్టు తిరిగి పోవాల్సిందే, ఆ ప్రవాహమే కరెంటు. రిమోట్ సెల్‌కైనా లావుపాటి టార్చి సెల్‌కైనా 1.5 వోల్టులే. వోల్టేజీని తేల్చేది పదార్థాలు, సైజు కాదు.

అపోహ: నిమ్మకాయలో కరెంటు ఉంది.

సైన్స్ ఫెయిర్ చార్టుల పుణ్యం. నిమ్మకాయకి ఓవైపు రాగి, ఓవైపు జింకు గుచ్చి కరెంటు తీస్తారు కదా, అక్కడ అరిగిపోయేది ఆ జింకే, నిమ్మరసం ఎలక్ట్రోలైట్ మాత్రమే. నమ్మకపోతే రెండు వైపులా రాగి తీగలే గుచ్చి చూడండి.

అపోహ: ఫ్యూయల్ సెల్‌లో హైడ్రోజన్ మండుతుంది.

మంటే ఉండదు. ప్లాటినం మీద హైడ్రోజన్ ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. ప్రోటాన్లు మధ్యలో ఉన్న పలుచని పొరలోంచి, ఎలక్ట్రాన్లు బయటి తీగలోంచి వెళ్లి అవతల ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. లెక్క ప్రకారం 1.23 వోల్టులు రావాలి, లోడ్ పడితే 0.6-0.7 మిగులుతుంది, అందుకే ఇప్పటి టయోటా మిరాయ్ కారులో 330 సెల్స్ పేర్చారు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సి58 రాకెట్‌లో వెళ్లిన ఇస్రో ఫ్యూయల్ సెల్ కూడా ఈ రకమే. అక్కడ గాలి ఉండదు కదా, ఆక్సిజన్ కూడా మోసుకెళ్లి 180 వాట్లు ఇచ్చింది.

అపోహ: నీళ్లు పోస్తే కారు నడుస్తుంది.

వాట్సాప్‌లో ఏటా ఒకసారైనా తిరుగుతుంది ఈ వీడియో. హైడ్రోజన్ మండాక మిగిలేదే నీరు, కట్టె కాలాక బూడిద మిగిలినట్టు. బూడిదతో అన్నం వండుతానంటే నమ్ముతామా? నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్ల పైనే కరెంటు కావాలి, దాన్ని ఫ్యూయల్ సెల్‌లో వాడితే తిరిగొచ్చేది 20 యూనిట్లయితే గొప్ప. కారులోనే తయారుచేసి కారులోనే వాడుకుంటామనే కిట్ ఎవరైనా అమ్మజూపితే ఈ రెండు అంకెలు అడగండి, మాట మార్చేస్తారు.

అపోహ: గ్యాస్ అందిస్తున్నంత కాలం ఫ్యూయల్ సెల్ నడుస్తూనే ఉంటుంది.

సూత్రం అదే గానీ పొర పాడవుతుంది, ప్లాటినం క్షీణిస్తుంది. గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ కాస్త ఉన్నా ప్లాటినానికి అతుక్కుని హైడ్రోజన్‌కి చోటివ్వదు. అందుకే వాహనాలకిచ్చే హైడ్రోజన్‌లో అది 0.2 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.2 భాగం) దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం.