ముఖపరిచయం

హనుమకొండ

మా ఇంటి పిల్లలకు,

మొన్న పండక్కి వచ్చినప్పుడు మీలో ఒకరు అన్నారు, "తెలిసినవాళ్లను పట్టుకుని ఉద్యోగం తెచ్చుకుంటే పైరవీయే కదా తాతా" అని. పైరవీ నాకూ గిట్టదు. అర్హత ఉన్నవాణ్ని పక్కకు నెట్టి మనవాణ్ని కూర్చోబెట్టడం పైరవీ. ఎక్కడ ఖాళీ ఉందో, అక్కడ ఏం పని చేయిస్తారో కనుక్కుంటే అది పైరవీ ఎట్లా అవుతుంది?

నా సంగతే వినండి. 1984లో బీకాం అయ్యాక ఏడాదిన్నర ఖాళీగా తిరిగా. మేనమామలకు, దోస్తులకు అందరికీ చెప్పి పెట్టా. వాళ్లకు తెలిసిన ఖాళీలన్నీ నాకూ తెలిసినవే. అందరం ఒకే చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లం మరి! చివరికి దారి చూపింది గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో రెండుసార్లు ఎదురుపడిన ఒక పత్తి వ్యాపారి గుమస్తా. మొదటిసారి నా చేతిలో పేపర్ అడిగి తీసుకున్నాడు, మాట కలిసింది. రెండోసారి, వరంగల్‌లో ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాడు మానేస్తున్నాడని చెప్పాడు. ఆ ఖాళీ ఏ పేపర్లోనూ పడలేదు. ఆయన సిఫారసు కూడా చేయలేదు. మిల్లువాళ్లు నాతో జమాఖర్చు రాయించి చూసుకునే తీసుకున్నారు.

అదంతా నా అదృష్టమే అనుకున్నా చాలా కాలం. కానీ మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లోనే దీని గురించి రాశాడట. బోస్టన్ దగ్గర ఉద్యోగాలు మారినవాళ్లను అడిగాడు. పరిచయస్తుల ద్వారా పని దొరికినవాళ్లలో, ఆ పరిచయస్తుణ్ని తరచూ కలిసేవాళ్లు ఆరుగురిలో ఒక్కరే. మిగతా వాళ్లది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసే పరిచయం.

ఇక మీ మెసేజ్‌ల సంగతి. మన చిన్నోడు కాలేజీ సీనియర్‌కు పంపింది చూశా: "హాయ్ అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చెప్పు." కింద రెజ్యూమే. పాపం ఆ అన్న ఏం చేయాలి? వీడెవడో గుర్తు చేసుకోవాలి, వీడికేం కావాలో కూడా తనే ఊహించాలి. పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయించా: "అన్నా, మీకు రెండేళ్లు జూనియర్‌ని, ఫెస్ట్‌లో స్టేజీ పనులు మీతోనే చేశా. టెస్టింగ్‌లో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ అయింది. మీ టీమ్‌లో ఫ్రెషర్లకు ముందు ఏ పని ఇస్తారు? ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేయొచ్చా?"

ఇందులో ఉద్యోగం అడగలేదు చూడండి. మాట్లాడాక నచ్చితే రిఫరల్ మాట, అంటే తన కంపెనీకి మీ పేరు తనే పంపే మాట, ఆయనే ఎత్తుతాడు. అప్పుడు జాబ్ ఐడీ, అంటే ఆ ఖాళీకి కంపెనీ పెట్టిన నంబర్, పంపండి. తొందరపడి ముందే సొంతంగా అప్లై చేస్తే కొన్ని కంపెనీల్లో ఆ రిఫరల్ చెల్లదు, కాబట్టి ఆయన్నే అడిగి చేయండి. రిఫరల్‌తో మహా అయితే ఇంటర్వ్యూ దాకా పోతారు. ఆ తర్వాత మీ చదువే.

సర్కారు కొలువులకు ఈ దారి లేదు. టీజీపీఎస్సీ అయినా, రైల్వే అయినా నోటిఫికేషన్ చూసి పరీక్ష రాయాల్సిందే. లక్షలిస్తే చూసుకుంటా అనేవాడి నంబర్ బ్లాక్ చేయండి.

ఇంకోటి. పని అయినా కాకపోయినా, ఏమైందో ఆ మనిషికి చెప్పండి. మిల్లులో చేరాక ఆ గుమస్తా కోసం మూడు సోమవారాలు అదే బండి వేళకు కాజీపేట స్టేషన్‌కు పోయా. నాలుగో సోమవారం దొరికాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పి, స్వీటు పొట్లం చేతిలో పెట్టా. "ఏ మిల్లు బాబూ?" అన్నాడు. నాకు చెప్పిన సంగతే ఆయనకు గుర్తు లేదు.

మీ తాత