గెంతలేని కప్ప

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి వానలో కప్పల బెకబెకలు విని, "గెంతడం రాని కప్ప కూడా ఉంటుందా? ఉంటే దాన్ని ఎవరూ తినేయరా?" అని మీలో చిన్నది అడిగింది. గెంతడం రాని కప్ప ఉన్నది. తినడానికి వచ్చేవాళ్లూ ఉన్నారు.

దక్షిణ అమెరికాలోని వెనిజులాలో, పైభాగం బల్లలా చదునుగా ఉండి, చుట్టూ నిట్టనిలువు రాతిగోడలున్న కొండలు లేచి ఉంటాయి. అక్కడి పెమోన్ ప్రజలు వాటిని తెపుయి అంటారు. వాటిలో కుకెనాన్, యురువానీ అనే ఇరుగుపొరుగు కొండల నెత్తిమీదే ఈ కప్ప కాపురం. 1994లో శాస్త్రజ్ఞులు దానికి ఓరియోఫ్రినెల్లా నైగ్రా అని పేరు పెట్టారు. నైగ్రా అంటే నల్లనిది. అక్కడి రాయీ నలుపే, బుడిపెల ఒంటి కప్పా నలుపే. మూడు సెంటీమీటర్ల లోపు ఉండే ఆ ప్రాణి వేళ్లతో రాతిని పట్టుకుని, తొందరేమీ లేనట్టు నడుస్తుంది.

మరి టరాంటులా అనే పెద్ద సాలీడు మీదికి వస్తే? కాళ్లు ముడుచుకుని, తల లోపలికి వంచి, ఒళ్లు బిగబట్టి, రాతివాలు మీద గోళీలా దొర్లిపోతుంది.

గోళీ అంటే గుర్తొచ్చింది. చిన్నతనంలో నేను మేడమెట్ల పైనుంచి గోళీని వదిలేవాడిని; అది మెట్టుమెట్టుకూ ఎగిరిపడి, ఎటు తిరుగుతుందో తెలియనీయకుండా, చివరికి ఏదో మూల నక్కేది. ఒకనాడు బరువైన రాతిగుండును కూడా అలాగే వదిలాను. మెట్టు అంచు విరిగింది, నా వీపు విమానం మోత మోగింది. బరువైనది పడితే దెబ్బ పెద్దదనీ, చిన్నది పడితే దానికీ నేలకూ కూడా నొప్పి తక్కువనీ ఆనాడే బోధపడింది. కప్పను కాపాడేది కూడా ఆ తేలికదనమే. గోళీ లాగే అదీ దొర్లేటప్పుడు దారి ఎంచుకోలేదు, మధ్యలో ఆగలేదు. గోళీ అయితే ఆగినచోటే పడి ఉంటుంది. ఇది మాత్రం కాళ్లు చాపుకుని, లేచి, మళ్లీ అదే నెమ్మదితో నడక సాగిస్తుంది. గెంతలేని కాళ్లను చూసి మనం జాలిపడతాం గాని, అది కొండవాలునే కాళ్లుగా వాడుకుంటోంది.

ఈసారి బండలున్న చోటికి వెళ్లినప్పుడు గోరంత గులకరాయిని వాలు మీద వదిలి, అది ఎన్నిసార్లు తగిలి, ఎన్నిసార్లు మలుపు తిరిగి, ఎక్కడ ఆగుతుందో వంగి చూడండి. ఆగిన తరువాత కూడా కాసేపు చూడండి, కాళ్లు వస్తాయేమో.

ఇట్లు,
మీ తాతయ్య