నవజాత శిశువుల ఐసీయూ డాక్టరు (నియోనేటాలజిస్టు) అంటే: నాకు తరచూ ఎదురయ్యే అపోహలు, లోపలి వాస్తవాలు

పోయిన నెల పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) ఎండీ చివరి ఏడాదిలో ఉన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "మేడం, నియోనేటాలజీ తీసుకుందామనుకుంటున్నాను. ప్రొసీజర్లు బాగా ఉంటాయి కదా, చేతినిండా పని ఉంటుంది" అన్నాడు. పద్నాలుగేళ్ల క్రితం నేనూ సరిగ్గా అదే అనుకుని వచ్చాను. అతనికి ఫోన్‌లో గంటసేపు చెప్పినా ఇంకా కొన్ని మిగిలిపోయాయి. అదీ కాక బంధువులు, జూనియర్లు, ఐసీయూ బయట కూర్చునే కుటుంబాలు అడిగేవి కూడా చాలావరకు ఇవే, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: నియోనేటాలజిస్టు అంటే పిల్లల డాక్టరే, పేరు మాత్రమే వేరు.

ముందు పిల్లల డాక్టరు అయ్యాకే ఇందులోకి వస్తాం, అంతవరకు నిజం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, పీడియాట్రిక్స్ ఎండీ గానీ దానికి సమానమైన డీఎన్‌బీ గానీ 3 ఏళ్లు, ఆ పైన నీట్ ఎస్ఎస్ అనే సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష రాసి డీఎం నియోనేటాలజీ లేదా దానికి సమానమైన డీఆర్ఎన్‌బీ ఇంకో 3 ఏళ్లు. ఒక్క ఏడాది కూడా వృథా కాకుండా, బాండు సర్వీసు (చదువయ్యాక ప్రభుత్వానికి తప్పనిసరిగా చేయాల్సిన ఉద్యోగం) లెక్కలో వేసుకోకుండా చూసినా పదకొండున్నరేళ్లు అవుతుంది. ఇంట్లో వాళ్లకి ఈ లెక్క ముందే చెప్పి పెట్టండి, "ఇంకా చదువేనా" అనే ప్రశ్న ప్రతి పెళ్లిలోనూ వస్తుంది, దానికి మీ అమ్మానాన్నలే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

డీఎం లేకపోతే ఈ పనికి పనికిరారనే మాట కూడా వింటుంటాను, అది తప్పు. నవజాత శిశువుల డాక్టర్ల సంఘమైన నేషనల్ నియోనేటాలజీ ఫోరం ఫెలోషిప్ చేసి మంచి యూనిట్లు నడుపుతున్న వాళ్లు నాకు చాలామంది తెలుసు. మెడికల్ కాలేజీలో నియోనేటాలజీ ఫ్యాకల్టీగా ఎదగాలంటే డీఎం దారే సరైనది. కానీ మన జిల్లా ఆసుపత్రుల్లోని ఎస్ఎన్‌సీయూలను, అంటే నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలను, రోజూ మోస్తున్నది ఎక్కువగా డీఎం లేని పిల్లల డాక్టర్లు, శిక్షణ తీసుకున్న మెడికల్ ఆఫీసర్లే. 1800 గ్రాముల కంటే తక్కువ బరువుతోనో, 34 వారాలు నిండకుండానో పుట్టిన బిడ్డలు, పుట్టగానే ఏడవని బిడ్డలు ముందు చేరేది వాళ్ల దగ్గరికే. వాళ్ల పనిని తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

అపోహ: చిన్న పిల్లలు కాబట్టి మందులు కూడా చిన్న మోతాదులో ఇస్తే సరిపోతుంది.

ఒక కేజీ బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం 80 నుంచి 90 మిల్లీలీటర్లు. మనం హోటల్లో తాగే చిన్న టీ గ్లాసుడు. అందులోంచి పరీక్షకని 2 మిల్లీలీటర్లు తీయడం పెద్దవాళ్ల దగ్గర వంద మిల్లీలీటర్లకు పైగా తీయడంతో సమానం, అందుకే ప్రతి పరీక్ష రాసేముందు "ఇది ఇవాళే కావాలా, దీని రిపోర్టు చూసి నేను చికిత్సలో ఏమైనా మారుస్తానా" అని ఆలోచించుకోవాలి. మందు 0.1 మిల్లీలీటర్ల లెక్కలో ఎక్కించే చోట ఒక దశాంశ బిందువు పక్కకి జరిగితే డోసు పది రెట్లవుతుంది. అందుకే మా దగ్గర ఇద్దరు లెక్క చూడకుండా ఏ ఇన్ఫ్యూజనూ (నరంలోకి ఎక్కించే మందు) మొదలవ్వదు. ఆ రెండో మనిషి నిన్న చేరిన సిస్టర్ అయినా సరే, "మేడం, ఇది తప్పులా ఉంది" అనగలగాలి. అలా అననివ్వని డాక్టరు ఈ పనికి రాకపోవడమే మంచిది.

పెద్దవాళ్లలో ఆక్సిజన్ ఎక్కువైతే వెంటనే పెద్ద నష్టం కనపడదు. నెలలు నిండని బిడ్డలో కంటి వెనక రెటీనా రక్తనాళాలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, అక్కడ ఎక్కువైన ఆక్సిజన్ చూపునే తీసేయగలదు.

అపోహ: ఇది ప్రొసీజర్ల బ్రాంచి, చేయి చురుగ్గా ఉన్నవాళ్లదే.

అసలు నేను ఇదంతా రాయడం మొదలుపెట్టిందే దీని కోసం.

ప్రొసీజర్లు ఉంటాయి. బొడ్డు రక్తనాళంలో సన్నటి గొట్టం వేయడం, వేలంత గొంతులోకి ట్యూబు వేయడం, ఊపిరితిత్తులు తెరుచుకుని ఉండటానికి సర్ఫాక్టెంట్ అనే మందు ఇవ్వడం. అవి రెండేళ్లలో చేతికి వచ్చేస్తాయి. రావడానికి పదేళ్లు పట్టేది చెయ్యకుండా ఉండటం. బిడ్డ రంగు కాస్త మారగానే ట్యూబు వేసేయాలనిపిస్తుంది, కానీ తల కాస్త సరిచేసి, ముక్కు దగ్గర సీపాప్ ప్రాంగ్స్ (ఒత్తిడితో గాలి అందించే చిన్న గొట్టాలు) జరిగాయేమో చూసి, రెండు నిమిషాలు అక్కడే నిలబడితే చాలాసార్లు బిడ్డ తనంతట తనే సర్దుకుంటుంది. ఆ రెండు నిమిషాలు చేతులు కట్టుకుని, కళ్లు మాత్రం బిడ్డ మీదే ఉంచి నిలబడటం వెంటిలేటర్ పెట్టడం కంటే కష్టం.

ఈ రంగం చరిత్ర చదివినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. 1940లు, 50లలో నెలలు నిండని పిల్లలకి మంచిదనుకుని ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చారు. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో వేలమంది పిల్లలకి చూపు పోయాక గానీ కారణం అర్థం కాలేదు. ఇన్‌ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చిన క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ వల్ల పిల్లలు బూడిద రంగుకి మారి చనిపోయారు, 1959లో ఆ సంగతి బయటపడింది. ఆ డాక్టర్లలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అందరూ ఏదో ఒకటి చేయాలనే తపనతో చేసినవే.

పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకి నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వాలని చాలా కాలం అందరూ నమ్మారు. ఢిల్లీ మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీలో సిద్ధార్థ్ రామ్‌జీ బృందం, నార్వే డాక్టరు సాగ్‌స్టాడ్‌తో కలిసి, మామూలు గాలితోనే ప్రయత్నించి చూసి 1993లో ఫలితాలు ప్రచురించింది. నెలలు నిండిన బిడ్డకి ఇవాళ ప్రపంచమంతా ముందు మామూలు గాలితోనే మొదలుపెడుతోంది. మన దేశంలో, రద్దీగా ఉండే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన పని అది. చదువుకునే పిల్లలకి నేను ఇది ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను.

అపోహ: "బాక్సులో పెట్టారు, ఇక మిషన్లే చూసుకుంటాయి."

ఇంక్యుబేటర్‌ని చూసి కుటుంబాలు అనే మాట ఇది, పీజీలు కూడా లోలోపల దాదాపు ఇదే నమ్ముతారు. మిషన్ వెచ్చదనం ఇస్తుంది, అంకెలు చూపిస్తుంది. బిడ్డ పాలు ఒంటబట్టించుకుంటోందా, పొట్ట ఉబ్బుతోందా, నిన్నటికంటే ఇవాళ మందకొడిగా ఉందా అనేది చూసేది సిస్టర్. మానిటర్ మోగకముందే "మేడం, ఈ బిడ్డ ఎందుకో నాకు నచ్చట్లేదు" అని సిస్టర్ అంటే నేను చేస్తున్న పని వదిలేసి వెళ్తాను. ఆ మాట తర్వాత చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ బయటపడింది. అందుకే ఉద్యోగానికి వెళ్లే ప్రతి జూనియర్‌కీ ఒకటే చెబుతాను: వెంటిలేటర్ ఏ కంపెనీదో తర్వాత అడగండి, రాత్రి షిఫ్టులో ఒక్కో సిస్టర్‌కి ఎంతమంది బిడ్డలు, సింకులు ఎన్ని, అందరూ చేతులు కడుక్కుంటున్నారా లేదా అనేది ముందు చూడండి.

ఇక తల్లి. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్లు బిడ్డల్ని తల్లుల గుండెల మీదే కట్టి ఉంచారు. మనం కంగారూ కేర్ అంటున్నది అదే. చాలా ఏళ్లు దాన్ని "డబ్బుల్లేని చోట చేసుకునే సర్దుబాటు"గానే చూశారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం వచ్చింది, అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. పరిస్థితి కుదుటపడేవరకు ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే 1 నుంచి 1.8 కేజీల బిడ్డల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. నేను వాడే ఖరీదైన పరికరాల్లో ఇంత మేలు చేసేవి ఎన్నో లేవు. అయినా ఇప్పటికీ చాలాచోట్ల తల్లిని అద్దం బయట నిలబెడుతున్నారు, పాలు పిండి పంపమంటున్నారు, రోజుకి ఒక్కసారి చూపిస్తున్నారు. దీన్ని మార్చడం కూడా మన ఉద్యోగంలో భాగమే, జీతంలో లెక్కకి రాకపోయినా.

అపోహ: ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదు.

ఇది కెరీర్ విషయం కాదు గానీ, ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు వారానికి ఒకసారైనా జవాబు చెప్పుకోవాల్సిందే. 33 వారాలకి పుట్టి హాయిగా పాలు తాగుతున్న బిడ్డ గురించి ఒక నాయనమ్మ "ఎనిమిదో నెలది నిలవదంటారు గదమ్మా, ఖర్చు పెట్టమంటావా" అని అడిగింది. నెలలు నిండేదాకా కడుపులో ఉన్న ప్రతి వారమూ మామూలుగా బిడ్డకి లాభమే, ఎనిమిదో నెల బిడ్డ ఊపిరితిత్తులు ఏడో నెల బిడ్డ కంటే బాగా తయారై ఉంటాయి. ఆవిడ మీద విసుక్కుంటే బిడ్డని ఇంటికి తీసుకెళ్లిపోయేవాళ్లు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బిడ్డ పాలు తాగడం చూపించాను. ఇలాంటి మాటలు మాట్లాడటం ఏ సిలబస్‌లోనూ లేదు, కానీ బిడ్డలు దీనివల్ల కూడా బతుకుతారు.

అపోహ: ఆడవాళ్లకి బాగా సరిపోయే బ్రాంచి, తల్లి మనసు ఉంటుంది కాబట్టి.

నేను ఇద్దరు పిల్లల తల్లిని. రాత్రి 3 గంటలకి ఎమర్జెన్సీ సిజేరియన్‌కి పిలుపు వస్తే నా తల్లి మనసు కంటే మా అత్తగారు పిల్లల దగ్గర పడుకోవడమే ఎక్కువ పనికొస్తుంది. ప్రతి 100 కాన్పుల్లో సుమారు 10 మంది బిడ్డలకి మొదటి ఊపిరికి ఎంతో కొంత సాయం కావాలి, ఆ సాయం మొదటి నిమిషంలోనే అందాలి, కాబట్టి ఎవరో ఒకరు నిద్ర మానుకుని అక్కడ ఉండాల్సిందే. ఓపిక ఉన్న మగవాళ్లు ఈ పని ఎంతో మృదువుగా చేయడం చూశాను. ఇంట్లో సాయం లేని అమ్మాయిలు మధ్యలో వదిలేసి వెళ్లడం కూడా చూశాను, వాళ్లలో లోపమేమీ లేదు, డ్యూటీ రోస్టరులోనే ఉంది.

అపోహ: ఎన్ఐసీయూ అంటే డబ్బే డబ్బు.

ఇక్కడ రెండు వైపులా నిజం చెప్పాలి. ఎన్ఐసీయూ, అంటే నవజాత శిశువుల ఐసీయూ, ఖర్చుతో కూడుకున్నదే, ప్రైవేటులో నెలరోజులున్న బిడ్డ బిల్లు ఒక రైతు కుటుంబాన్ని అప్పుల్లో ముంచగలదు, ఆ పొలం కాగితాలు చేతిలో పట్టుకున్న తండ్రుల ముఖాలు నేను చూశాను. నేను కొన్నాళ్లు పనిచేసిన ఒక ఆసుపత్రిలో నెలాఖరు మీటింగులో "అడ్మిషన్లు ఎందుకు తగ్గాయి" అని అడిగేవారు. మామూలు కామెర్లున్న బిడ్డని తల్లి పక్కనే ఫొటోథెరపీలో (నీలి కాంతి కింద) ఉంచితే చాలని నేను రాయడం వాళ్లకి నచ్చలేదు, ఏడాది తిరక్కుండా బయటికి వచ్చేశాను. ఉద్యోగంలో చేరేముందు ఎవరిని అడ్మిట్ చేయాలో, ఎప్పుడు పంపాలో నిర్ణయించేది ఎవరని నేరుగా అడగండి. జవాబు తడబడితే జీతం ఎంతైనా చేరకండి.

రెండో వైపు: గది అద్దెకి తీసుకుని క్లినిక్ పెట్టుకుని ఒంటరిగా బతికే బ్రాంచి కాదిది. ప్రసూతి విభాగం, శిక్షణ ఉన్న సిస్టర్లు, రక్తనిధి, కంటి డాక్టరు చుట్టూ ఉంటేనే మన చదువు పనికొస్తుంది. అందుకే చాలామంది జీవితాంతం ఏదో ఒక ఆసుపత్రి ఉద్యోగులుగానే ఉంటారు. కుటుంబాలకి ఒక మాట, జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడ్డ నవజాత శిశువుకి చికిత్స ఉచితం. అప్పు చేసేముందు జిల్లా ఆసుపత్రి ఎస్ఎన్‌సీయూలో ఒకసారి అడగండి.

అపోహ: రోజూ చావులు చూసి మనసు మొద్దుబారుతుంది.

మొద్దుబారదు. చాలామంది బిడ్డలు బతికి ఇంటికి వెళ్తారు, బయటివాళ్లకి ఆ సంగతి తెలియదు. పోయిన బిడ్డలు మాత్రం గుర్తుండిపోతారు. ఒక బిడ్డ పోయిన రోజు ఆ బిడ్డని చివరిగా తల్లి చేతుల్లో పెట్టాలి, గొట్టాలన్నీ తీసి, ఒళ్లు తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి. తొందరపెట్టకూడదు. నా సీనియర్ ఒకాయన కుర్చీ వేసుకుని ఆ తండ్రి పక్కన ఏమీ మాట్లాడకుండా అరగంట కూర్చోవడం నేను చూసి నేర్చుకున్నాను. ఇంటికి వచ్చాక ఎవరితోనైనా చెప్పుకోవాలి. చెప్పుకోకుండా దాచుకున్న స్నేహితురాలు ఒకామె అయిదేళ్లకే ఈ పని మానేసింది.

అపోహ: బిడ్డ డిశ్చార్జి అయితే మన పని అయిపోయినట్టే.

34 వారాల లోపు గానీ 2 కేజీల లోపు గానీ పుట్టిన బిడ్డకి నెలలోపే కంటి పరీక్ష జరగాలి, మరీ చిన్న బిడ్డలకి రెండు మూడు వారాలకే. ఒక్క పరీక్ష తప్పితే, బతికించుకున్న బిడ్డ చూపు పోవచ్చు. తర్వాత వినికిడి, మెడ నిలబెట్టడం, కూర్చోవడం, మాటలు, అన్నీ చూస్తూ పోవాలి. వయసు పెరిగి రాత్రి డ్యూటీలు తగ్గించుకున్న సీనియర్లు ఈ ఫాలోఅప్ క్లినిక్కుల్లో చేస్తున్న పని చూస్తే, 50 దాటాక ఈ బ్రాంచిలో ఏం చేస్తామనే భయం అక్కర్లేదనిపిస్తుంది.

అపోహ: అమెరికా వెళ్తేనే అసలైన నియోనేటాలజీ.

అక్కడ కూడా పీడియాట్రిక్స్ రెసిడెన్సీ 3 ఏళ్లు, ఫెలోషిప్ 3 ఏళ్లు, రాత్రి డ్యూటీలు ఉంటాయి. 23, 24 వారాల బిడ్డల్ని చూసే అనుభవం అక్కడ ఎక్కువ దొరుకుతుంది. ఒక్క చేత్తో పదిమంది బిడ్డల్ని చూసుకునే నేర్పు ఇక్కడ వస్తుంది. వెళ్లాలనుకుంటే వెళ్లండి, ఇక్కడేదో తక్కువైందని మాత్రం వెళ్లకండి.

ఆ ఫోన్ చేసిన తమ్ముడికి చివరికి ఒక పని చెప్పాను. మీ కాలేజీ ఆసుపత్రిలోని ఎస్ఎన్‌సీయూలో డ్యూటీ లేని ఒక రాత్రి, 2 గంటలకి వెళ్లి, సిస్టర్ని అడిగి, ఒక బిడ్డ పక్కన తెల్లవారేదాకా కూర్చో. దేనికీ చెయ్యి పెట్టకు, ఊపిరి లెక్కపెట్టు, పాలు ఎలా పడుతున్నారో చూడు, పొద్దున తల్లి వచ్చాక ఆమె ఏం అడుగుతుందో విను. ఆ తర్వాత ఫారం నింపుదువుగాని అన్నాను. వచ్చే శనివారం వెళ్తానన్నాడు.