ఇళ్లలో మనుషుల ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

మనుషుల్ని వాళ్ల ఇళ్లలోనే ఫొటో తీయడం నా పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు సందేహాలు అడిగితే పోలండ్ ఫొటోగ్రాఫర్ జోఫియా రిడెత్ చిత్రాలు చూడమంటాను. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

అపోహ: ఎదుటివారికి తెలియకుండా తీస్తేనే సహజంగా వస్తుంది.

వాస్తవం: రిడెత్ 1978 నుంచి 1990 దాకా పల్లె పల్లె తిరిగి తలుపులు తట్టారు. లోపలికి వెళ్లి పలకరించడం, ఇంట్లో కంటికి నచ్చిన వస్తువేదో మెచ్చుకోవడం, ఆ తర్వాతే ఫొటో మాట ఎత్తడం ఆమె పద్ధతి. గోడ ముందు కూర్చోబెట్టి, నవ్వకుండా సూటిగా లెన్సులోకి చూడమనేవారు. దాపరికం ఏమీ లేదు. అయినా ఆ ముఖాల్లో నటన కనిపించదు. ‘కాస్త నవ్వండి’ అనే మన అలవాటే అందరికీ ఒకే ముఖం తగిలిస్తోందని నా అనుమానం.

అపోహ: నేరుగా కొట్టే ఫ్లాష్, వైడ్ యాంగిల్ లెన్సు మనుషుల ఫొటోలకు పనికిరావు.

వాస్తవం: రిడెత్ ఈ రెండూ వాడారు. ఇరుకు గదిలో వైడ్ లెన్సు లేకపోతే మనిషీ మంచమూ పైకప్పూ ఒకే ఫ్రేములో పట్టవు. అంచుల దగ్గర ఆకారాలు సాగుతాయి కాబట్టి మనిషిని మధ్యలో ఉంచాలి, అంతే. ఇక ఫ్లాష్ సంగతి. అది నేరుగా పడితే ముఖంలో నీడల మెత్తదనం పోతుంది, నిజమే. కానీ మూలనున్న గడియారం కూడా ముఖమంత స్పష్టంగా పడుతుంది. ముసలి దంపతులు, వెనుక రంగులద్దిన వాళ్ల పెళ్లినాటి పటం, పక్కన మేరీమాత, ఒక క్యాలెండరు, టీవీ. పోలండ్‌కే చెందిన రెండో జాన్ పాల్ పోప్ అయింది కూడా 1978లోనే; ఆ తర్వాత ఎన్ని గోడల మీద ఆయన బొమ్మ కనిపిస్తుందో! కిటికీ వెలుతురుతోనే సరిపెట్టుకుని ఉంటే వీటిలో చాలా భాగం చీకట్లో కలిసిపోయేవి. ఇంట్లో మనిషిని తీస్తూ వెనుకంతా బ్లర్ చేయడం నాకు అసలు గిట్టదు. అలాంటప్పుడు వాళ్ల ఇంటిదాకా వెళ్లడం ఎందుకు? స్టూడియోకే పిలవొచ్చుగా!

అపోహ: చిన్న వయసులో మొదలుపెట్టకపోతే ఆలస్యమైనట్టే.

వాస్తవం: ఆమె పుట్టింది 1911లో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బితోమ్ పట్టణంలో దుకాణం నడిపారు. గ్లివిత్సే పట్టణ ఫొటోగ్రఫీ సంఘంలో చేరింది 1954లో. ఇళ్ల ఫొటోల పని మొదలుపెట్టేనాటికి వయసు 67.

అపోహ: ప్రింటు వేస్తేనే పని పూర్తయినట్టు.

వాస్తవం: ఆమె తీసిన నెగటివ్‌లు దాదాపు 20,000. వాటిలో చాలావాటికి ఆమె ప్రింట్లే వేయలేదు. ఆ ఇళ్లు, ఆ మనుషులు మాయమైపోయేలోగా వీలైనన్ని తీసేయాలన్నదే ఆమె తొందర. 1997లో ఆమె మరణించారు. ఆ నెగటివ్‌లను తర్వాత డిజిటల్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ప్రాంతాలవారీగా వెతికి చూడవచ్చు.